ఒక వెండి డాలర్, మూడు లేబుళ్ళు

థర్డ్ సెమ్‌లో మ్యాథ్స్ పేపర్‌కి నాకు 70కి 23 వచ్చాయి. పాస్ కావాలంటే 25. రీవాల్యుయేషన్‌కి కట్టాను, 27 అయ్యాయి. పేపర్ అదే, నా కోడిగీతలూ అవే, దిద్దిన చెయ్యి మారిందంతే. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. డల్లాస్‌లో ఉండే మా బాబాయి మాత్రం ఫోన్‌లో నవ్వి, "ఒరేయ్, నాణేలకి కూడా రీవాల్యుయేషన్ ఉంటుంది తెలుసా? అదీ 70కే!" అన్నాడు.

నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, అమెరికాలో నాణేలు కలెక్ట్ చేసేవాళ్ళకి ఇది మామూలు విషయమేనని. ఆ తర్వాత నేనే లెక్కలు వేసి బాబాయి చేత డబ్బు పోగొట్టించాను. ఈ వ్యాసం సగం వివరణ, సగం నా తప్పు ఒప్పుకోలు.

ముందు ఆ 70 సంగతి. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక స్కేలు పెట్టాడు. అసలు ఉద్దేశం ధర కట్టడమే. బాగా అరిగిపోయిన 1 గ్రేడ్ నాణెం ఒక డాలర్ అయితే, 70 గ్రేడ్‌ది 70 డాలర్లు చేయాలి. ధరల లెక్క కొన్నాళ్ళకే చెడిపోయింది కానీ అంకెలు మాత్రం మిగిలిపోయాయి. 1985లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే కంపెనీలు మొదలయ్యాయి. నాణెం పంపి ఫీజు కడితే అది అసలుదో కాదో చూసి, గ్రేడ్ వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి పంపుతారు. ఆ డబ్బాని స్లాబ్ అంటారు. (మన మేడమీద పోసే స్లాబ్ కాదు.) లోపల లేబుల్ మీద సంవత్సరం, గ్రేడ్, ఒక సీరియల్ నంబర్ ఉంటాయి.

60 నుంచి 70 వరకు ఉన్న గ్రేడ్‌లు చలామణిలో అరగని నాణేలకి. అసలు గొడవంతా ఇక్కడే. అరగనిదానికి మళ్ళీ 11 మెట్లేంటి అంటే, వెండి డాలర్లని టంకశాలలో గుడ్డ సంచుల్లో వెయ్యేసి చొప్పున పోసేవాళ్ళు. ఒకదానికొకటి తగిలి గీతలు పడేవి. ఆ గీతలు ఎన్ని, రాణి బుగ్గ మీద ఉన్నాయా జుట్టులో దాక్కున్నాయా (రాణి అంటే లిబర్టీ దేవత, మా బాబాయి అలాగే అంటాడు), ముద్ర ఎంత లోతుగా పడింది, మెరుపు ఎలా ఉంది, మొత్తంగా చూడ్డానికి ఎలా ఉంది... ఇవన్నీ కలిపి ఒక అంకె. వేసేది మనిషే. ఒకరికి మించి గ్రేడర్లు ఎవరికి వాళ్ళు చూస్తారు. ఎవరి నాణెమో వాళ్ళకి తెలియదు. ఒక్కోదానికి పట్టేది కొన్ని సెకన్లే.

మన మెట్రాలజీ ల్యాబ్ గుర్తు తెచ్చుకోండి. ఒకే షాఫ్ట్‌ని ముగ్గురం వెర్నియర్‌తో కొలిస్తే మూడు రీడింగులు వచ్చేవి. షాఫ్ట్ మారలేదు, రీడింగ్ మారింది. నాణెం కూడా అంతే. "నిజంగా" 64.7 అనదగ్గ నాణెం ఒకరోజు 64 అవుతుంది, ఇంకోరోజు 65 అవుతుంది. మన ల్యాబ్‌లో ఆ తేడా వల్ల రికార్డులో ఒక మార్కు పోతుంది. అక్కడ ధర రెట్లలో మారుతుంది. గ్రేడ్ మెట్లు సమానంగానే ఉంటాయి, ధర మాత్రం ఒక మెట్టు దగ్గర కొండెక్కుతుంది. ఆ మెట్టు కిందే ఆగిపోయిన నాణెం ఉన్నవాడికి నిద్ర పట్టదు.

పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, డబ్బాతోనే పంపడం. వాళ్ళు పైనుంచి చూస్తారు, పెరుగుతుందనుకుంటేనే విప్పుతారు, లేకపోతే అలాగే తిరిగొస్తుంది. రెండోది, డబ్బా పగలగొట్టి, ఎప్పుడూ గ్రేడ్ కానట్టు కొత్తగా పంపడం. దీన్ని క్రాక్-అవుట్ అంటారు. పాత అంకె కనబడదు కాబట్టి గ్రేడర్ దాని ప్రభావంలో పడడని ఆశ. కానీ రక్షణా ఉండదు. 63 రావచ్చు. లేదా "ఎప్పుడో శుభ్రం చేశారు" అని తేల్చి అంకే లేకుండా పంపొచ్చు. (ఇంట్లో పాత వెండి రూపాయలుంటే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. ఆ మెరుపు ఒకసారి పోతే మళ్ళీ రాదు.)

బాబాయి దగ్గరున్నది 1887 న్యూ ఆర్లీన్స్ మోర్గాన్ డాలర్. 26.73 గ్రాములు, 90 శాతం వెండి. ఆ టంకశాలలో కోటికి పైగానే కొట్టారు కాబట్టి అరుదైనదేం కాదు. కానీ అక్కడి నాణేలకి చెవి పైన జుట్టు దగ్గర, వెనక గద్ద రొమ్ము మీద ముద్ర పలచగా పడేది. అందుకే 65 దొరకడం కష్టం. ఈయన ఒక కాయిన్ షోలో 64 స్లాబ్‌లో ఉన్నది 400 డాలర్లకి కొన్నాడు. 65 అయితే గుండ్రంగా 1600 అనుకోండి. ఫీజు, పోస్టు, ఇన్సూరెన్స్ కలిపి ఒక ట్రిప్పుకి 80.

"నువ్వు ఇంజనీర్‌వి కదా, లెక్క చెప్పు" అన్నాడు. నేను ఉత్సాహంగా వేశాను. పెరిగే అవకాశం 20 శాతం అనుకుంటే, 1200లో 20 శాతం 240. ఖర్చు 80 తీసేస్తే ప్రతి ట్రిప్పుకీ సగటున 160 లాభం. పైగా మూడుసార్లు పంపితే ఒక్కసారైనా తగిలే అవకాశం 1 − 0.8³, దాదాపు 49 శాతం. "పంపు బాబాయ్, కళ్ళు మూసుకుని పంపు" అన్నాను.

వీడియో కాల్‌లో గ్యారేజీలో స్లాబ్‌ని తువ్వాల్లో చుట్టి, కటింగ్ ప్లయర్‌తో అంచు పట్టి నొక్కుతుంటే నా గుండె ఆగినంత పనైంది. దాన్ని అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో అతికిస్తారు, అంత తేలిగ్గా రాదు. టప్‌మని పగిలింది. నాణెం క్షేమం. కొన్ని వారాల తర్వాత తిరిగొచ్చింది: 64. "ఇంకోసారి పంపు, లెక్క ఇంకా పాజిటివ్‌గానే ఉంది" అన్నాను. మళ్ళీ పగలగొట్టాడు. ఈసారి 63.

63 ధర 250 దగ్గర. అంటే విలువలో 150, ఖర్చుల్లో 160, మొత్తం 310 డాలర్లు. బాబాయి ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇబ్బందిగా ఉంది.

ఆ రాత్రి కూర్చుని చూస్తే, కిందికి పడే అవకాశం నేను లెక్కలోనే వేయలేదు. అది చిన్న తప్పే. పెద్దది ఆ 20 శాతం. పది 64 నాణేలు ఉన్నాయనుకోండి, వాటిలో రెండు 65 అంచులో ఉన్నవి. కళ్ళున్న డీలర్లు ముందు ఏరుకునేవి ఆ రెండే. పగలగొట్టి, పంపి, 65 చేయించి అమ్మేస్తారు. ఇక 64 డబ్బాల్లో మార్కెట్‌లో తిరిగేవి మిగతా ఎనిమిది. బాబాయి నాణెం నూట ముప్ఫై ఏళ్ళు దాటినది, అందులో ఆఖరి ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది దాన్ని పగలగొట్టి చూశారో లేబుల్ మీద ఉండదు. మీ కంటే ముందు ఎవరూ ప్రయత్నించలేదు అనుకోవడమే పొరపాటు. పైగా ట్రిప్పులు పాచిక వేసినట్టు వేటికవే కావు. నాణెం ఒకటే. ఒకసారి 64 వచ్చిందంటే అది అంచులో లేదనడానికి కొంచెం సాక్ష్యం వచ్చినట్టే. పెరిగే అవకాశం 5 శాతం, తగ్గేది 20 శాతం పెట్టి చూడండి. 60 లాభం, 30 నష్టం, 80 ఖర్చు. ట్రిప్పుకి 50 డాలర్లు మైనస్.

అందుకే పాత డబ్బాలంటే అక్కడ మోజు. 1980ల చివర్లో పీసీజీఎస్ వాడిన మొదటి స్లాబ్‌లలో నాణెం కదిలితే గలగలమంటుంది, వాటిని రాట్లర్లు అంటారు. అప్పుడు గ్రేడ్లు పిసినారిగా వేసేవాళ్ళని, పైగా ఇంతకాలం ఎవరూ పగలగొట్టలేదని నమ్మి ఎక్కువ పెట్టి కొంటారు. 2007లో జాన్ అల్బనీస్ మొదలుపెట్టిన సీఏసీ, స్లాబ్‌లో ఉన్న నాణేన్నే మళ్ళీ చూసి, ఆ గ్రేడ్‌కి గట్టిగా తగితే ఆకుపచ్చ స్టిక్కర్, ఇంకా ఎక్కువకి తగితే బంగారు రంగు స్టిక్కర్ వేస్తుంది. రీవాల్యుయేషన్ మీద ఇంకో రీవాల్యుయేషన్ అన్నమాట. 2010లో రెండు కంపెనీలూ 64+ లాంటి ప్లస్ గ్రేడ్‌లు తెచ్చాయి. కొండకి మధ్యలో ఒక మెట్టు కట్టారు. నాకైతే పగలగొట్టడానికి ఇంకో ఆశ కల్పించారనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. ఏ గ్రేడ్‌లో ఎన్ని నాణేలున్నాయో ఈ కంపెనీలు పాపులేషన్ రిపోర్ట్ పేరుతో లెక్క ప్రకటిస్తాయి. అరుదో కాదో జనం అది చూసే అనుకుంటారు. పగలగొట్టినవాడు పాత లేబుల్ తిరిగి పంపితే ఆ లెక్కలోంచి ఒకటి తీసేస్తారు. చాలామంది పంపరు. బాబాయి పంపాడా అని అడిగాను. ప్లయర్ ఉన్న డ్రాయర్ తెరిచి, కెమెరా ముందు రెండు కాగితం ముక్కలు పట్టుకుని చూపించాడు. రెండూ 64. అంటే రిపోర్ట్‌లో మా ఒక్క నాణెం మూడు నాణేలుగా ఉంది, 64లో రెండు, 63లో ఒకటి.

"ఇవి పంపడానికి కూడా లెక్క వేస్తావా?" అన్నాడు. స్టాంపు ఖర్చు నేనే ఇస్తానన్నాను.