చుక్క మానకండి, ఖర్చు తగ్గించుకోండి



మా కంటి విభాగంలో తరచుగా వినే మాట ఒకటి ఉంది. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా ఉన్న పెద్దాయనను, "చుక్కలు వేసుకుంటున్నారా అయ్యా?" అని అడుగుతాము. "వేసుకుంటున్నానండీ, మానలేదు" అంటారాయన. పక్కనున్న కోడలు మెల్లగా చెబుతుంది: "నెలకు సరిపోయే సీసాను మూడు నెలలు లాగుతున్నారు డాక్టరుగారూ. డబ్బులు చూసుకుని, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నారు." పెద్దాయన తల దించుకుంటారు.

మేము ఆయనను కోప్పడము. పిల్లలకు భారం కాకూడదని ఆయన అలా చేశారు. అయితే ఆ పొదుపు చాలా ఖరీదైనది. అందుకే ఈ నెల, చుక్కల మందు ఖర్చును ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో చెప్పదలచాము.

ఎందుకు మానకూడదు?

కంటిలోపల ఒక తేటనీరు ఎప్పుడూ ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి సరిగా లేకపోతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఇది బి.పి. కాదు, బి.పి. బాగున్నవారికీ రావచ్చు. ఆ ఒత్తిడికి కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. మొదట పక్కచూపు పోతుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎదుట ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి రోగికి ఏమీ తెలియదు.

శుక్లం ముదిరితే ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు చుక్కలతో గాని, లేజరుతో గాని, ఆపరేషనుతో గాని తిరిగి రాదు. చుక్కల పని ఉన్న చూపును కాపాడడమే. "ఇన్నాళ్ళు వేసినా చూపు పెరగలేదు" అని మానేసేవారు ఈ సంగతి గమనించాలి. పెరగకపోయినా తగ్గకుండా ఉందంటే మందు పని చేస్తున్నట్టే.

ఒక్క చుక్క చాలు

చాలా ఇళ్ళలో మందు కంటిలోకి కన్నా చెంప మీదికే ఎక్కువ పోతుంది. రాత్రిపూట ఒకసారి వేసుకునే లాటానోప్రోస్ట్ మందును చూడండి. 2.5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 చుక్కలు ఉంటాయి. కంపెనీనిబట్టి కొంచెం తేడా రావచ్చు. రెండు కళ్ళకూ రాత్రికి ఒక్కో చుక్క చొప్పున నెలకు కావలసినవి 60. అంటే నెల గడిచిపోవాలి. రెండేసి చుక్కలు వేస్తే ఆ సీసా మూడు వారాలే వస్తుంది. కంటిలో ఒక్క చుక్కకు మించి నిలవదు, రెండోది కారిపోతుంది. అదనపు మేలు ఏమీ లేదు.

వేసుకునే పద్ధతి ఇది. చేతులు కడుక్కోండి. పడుకోండి, లేదా తల వెనక్కి వాల్చి కూర్చోండి. కింది రెప్పను వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. సీసా మూతి కంటికి, రెప్పకు తగలకుండా పైనుంచి ఒక్క చుక్క అందులో వేయండి. కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టండి. మందు గొంతులోకి జారిపోకుండా కంటిలో ఉంటుంది. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

చేతులు వణికేవారికి ఇంట్లో ఎవరైనా వేయాలి. మనవడో మనవరాలో ఈ పని ఇష్టంగా చేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టిన చుక్క చల్లగా తగులుతుంది గనుక పడిందో లేదో తెలిసిపోతుంది. తెలియక మరో చుక్క వేసే అవసరం ఉండదు.

సీసాను పాడుచేసుకోవద్దు

మూత తీసిన రోజే సీసా మీద తేదీ రాయండి. చాలా చుక్కల మందులను మూత తీసిన నాలుగు వారాల తర్వాత వాడకూడదు. లాటానోప్రోస్ట్‌ను ఆరు వారాల వరకు వాడవచ్చు. మూడు నెలలు లాగిన సీసాలో క్రిములు చేరే ప్రమాదం ఉంది. మూత తీయని లాటానోప్రోస్ట్‌ను సాధారణంగా ఫ్రిజ్‌లో ఉంచాలి, మంచు గడ్డకట్టే అరలో కాదు. మన ఎండల్లో కిటికీ దగ్గర, టి.వి. మీద పెడితే మందు పాడవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఆ మాట ముందే చెప్పండి. ఫ్రిజ్ అవసరం లేని మందు రాయడానికి వీలుంటుంది.

ధర తగ్గే దారులు

మొదటిది, మందు అసలు పేరుతో చీటీ రాయమని డాక్టరును అడగండి. ఒకే మందును పలు కంపెనీలు పలు ధరలకు అమ్ముతాయి. లాటానోప్రోస్ట్, టిమోలాల్ రెండూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అటువంటి మందులకు ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2008లో మొదలైన జన్ ఔషధి పథకం దుకాణాలలో కంటి చుక్కలు కూడా దొరుకుతాయి. మీ చీటీ చూపించి మీ మందు ఉందేమో అడగండి. మదురైలో 1992లో స్థాపించిన ఆరోల్యాబ్ సంస్థ కూడా తక్కువ ధరకు కంటి మందులు తయారు చేస్తోంది.

రెండవది, రెండు సీసాలు వాడేవారు, రెండు మందులూ కలిసిన ఒకే సీసా చౌకగా వస్తుందేమో అడగండి. అన్నిసార్లూ రాదు, లెక్క చూడాలి.

మూడవది, ప్రభుత్వ కంటి ఆసుపత్రులు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులలో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. వాటికి దగ్గరగా ఉన్నవారు అక్కడ విచారించవచ్చు.

నాలుగవది, లేజరు. యు.కె.లో జరిగి, 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మొదటే ఎస్.ఎల్.టి. అనే లేజరు చేయించుకున్నవారిలో నూటికి 74 మందికి మూడేళ్ళ తర్వాత కూడా చుక్కల అవసరం రాలేదు. ఇది అన్ని రకాల నీటికాసులకూ పనికిరాదు, కొన్నాళ్ళకు మళ్ళీ చేయవలసి రావచ్చు. అయినా ఏళ్ళ తరబడి సీసాల ఖర్చుతో పోల్చి, మీకు తగునో లేదో డాక్టరును అడగడం మంచిది.

ఇలా మాత్రం చేయకండి

పక్కింటివారి చుక్కలు వాడకండి. టిమోలాల్ చౌకైన మంచి మందే గాని, ఉబ్బసం ఉన్నవారికి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవారికి ప్రాణం మీదికి తేగలదు. వేసింది కంటిలోనైనా అది రక్తంలో కలుస్తుంది. మీకు ఆయాసం ఉంటే చీటీ రాయకముందే చెప్పండి.

కళ్ళు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలలో స్టెరాయిడ్ ఉండవచ్చు. తక్షణం హాయిగా ఉంటుంది. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం వస్తుంది. తేదీ దాటిన సీసాలు కూడా వద్దు.

మాతో నిజం చెప్పండి

చుక్కలు మానేసి, వేసుకుంటున్నామని చెబితే ఏమవుతుందో తెలుసా? ఒత్తిడి తగ్గలేదు గనుక ఈ మందు చాలలేదనుకుని, ఇంకా ఖరీదైన మందు రాస్తాము. ఖర్చు రెట్టింపవుతుంది. "అయ్యా, నెలకు ఇంతకంటే పెట్టలేను" అని ఒక్క మాట చెప్పండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ స్తోమతకు తగిన మందు వెతకడం మా పనిలో భాగమే. వచ్చేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసి తీసుకురండి.

మరొక మాట. ఈ జబ్బు ఉన్నవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. నలభై దాటినవారిని ఒకసారి కంటి పరీక్షకు తీసుకురండి. తొలిదశలో పట్టుకుంటే చూపు మిగులుతుంది.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు ఉపమానం మనకు తెలిసినదే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటిల్లిపాది కూర్చుని మీ పెద్దవారి చుక్కల లెక్క చూడండి. సీసా ఎప్పుడు తెరిచారు, ఎన్ని రోజులు వచ్చింది, ఎవరు వేస్తున్నారు అని అడగండి. లెక్క కుదరకపోతే చీటీతో మా దగ్గరకు రండి. దేవుడు మీ కన్నులను కాపాడును గాక.