మందు మార్చే ముందు తెమడ పరీక్ష



గత చలికాలంలో మా సంఘంలోని ఒక పెద్దాయన కోసం ప్రార్థన చేయడానికి ఆసుపత్రికి వెళ్లాను. న్యుమోనియాతో ఆక్సిజన్ మీద ఉన్నారు. కూతురు ఒక కాగితం నా చేతికిచ్చి, “ఇందులో ఏముందో కాస్త చెప్పండి అయ్యగారూ” అంది. కాగితం నిండా మందుల పేర్లు, వాటి ఎదుట ‘ఎస్’, ‘ఆర్’ అనే అక్షరాలు. దగ్గు మొదలైనప్పటి నుంచి మెడికల్ షాపులో అడిగి రెండు రకాల యాంటీబయోటిక్స్ వాడారట. ఆ రెండింటి ఎదుటా ‘ఆర్’ అనే ఉంది. అంటే ఆ మందులకు ఆ క్రిమి లొంగదని అర్థం. ‘ఎస్’ అంటే లొంగుతుందని.

ఊపిరితిత్తుల్లోకి దిగిన జబ్బు అంతా ఒకటే కాదు. ఆరోగ్యంగా ఉన్నవారికి ఉన్నట్టుండి వచ్చే బ్రాంకైటిస్ చాలావరకు వైరస్ వల్లనే. దానికి యాంటీబయోటిక్ పని చేయదు. న్యుమోనియాకు మాత్రం తరచుగా బ్యాక్టీరియా కారణమవుతుంది. వాటిలో ముందు చెప్పుకోవలసింది న్యుమోకాకస్. హిమోఫిలస్, క్లెబ్సియెల్లా, స్టెఫైలోకాకస్ కూడా ఉన్నాయి. వెంటిలేటర్ మీద ఎక్కువ రోజులున్నవారిలో సూడోమోనాస్, ఎసినిటోబాక్టర్ వంటి మొండి క్రిములు చేరతాయి.

ఒక్కో క్రిమిది ఒక్కో స్వభావం. పెన్సిలిన్ జాతి మందులు క్రిమి చుట్టూ ఉండే గోడను కూలుస్తాయి. మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు కనుక అవి దాన్ని ఏమీ చేయలేవు. మా పెద్దాయన తెమడలో కనిపించింది క్లెబ్సియెల్లా. ఆయన మొదట వాడింది ఎమాక్సిసిలిన్. ఆ మందును తట్టుకునే శక్తి క్లెబ్సియెల్లాకు స్వతహాగానే ఉంది. ఎన్ని రోజులు మింగినా ఫలితం లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ సంగతి తేల్చేదే తెమడ కల్చర్ పరీక్ష. ముందు తెమడకు రంగు అద్ది మైక్రోస్కోపులో చూస్తారు. డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ 1884లో ప్రకటించిన ఈ పద్ధతి అదే రోజు ఒక సూచన ఇస్తుంది. తరువాత క్రిమిని పెంచి, దాన్ని ఒక పళ్లెంలో పలుచగా పరచి, మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ మందుకు నిర్ణయించిన కొలతతో పోల్చి ‘ఎస్’ లేదా ‘ఆర్’ రాస్తారు. వలయం పెద్దదైనంత మాత్రాన అదే మంచి మందు అనుకోకూడదు; ఒక్కో మందుకు కొలత వేరు. మొత్తం ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. వీలైనంత వరకు మొదటి మోతాదుకు ముందే తెమడ ఇవ్వాలి. ఉదయం నీళ్లతో నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన తెమడ కావాలి, ఉమ్మి పనికిరాదు. దాన్ని ఆలస్యం లేకుండా ల్యాబ్‌కు చేర్చాలి. రోగి ఆయాసపడుతుంటే డాక్టర్లు ఫలితం కోసం ఆగరు. వెంటనే మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు. అది సరైన పద్ధతే.

రెండు వారాలు దాటిన దగ్గుకు టీబీ పరీక్ష తప్పక చేయించండి. మామూలు కల్చర్‌లో టీబీ బయటపడదు. పైగా లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులు సొంతంగా వాడితే టీబీ కొన్నాళ్లు అణిగినట్టు కనిపించి, ఆలస్యంగా బయటపడుతుంది.

పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, చాలీచాలని మోతాదుతో క్రిములు మొండికెత్తుతాయని హెచ్చరించారు. మన దేశంలో 2014 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్‌1 ప్రకారం అనేక యాంటీబయోటిక్స్‌ను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవి రిజిస్టరులో రాయాలి. అయినా అడిగేవారం మనమే కదా!

పెద్దాయనకు ‘ఎస్’ ఉన్న మందు ఎక్కించారు. పదకొండో రోజున ఇంటికొచ్చారు. ఆ రిపోర్టును కూతురు జాగ్రత్తగా దాచి ఉంచింది. మళ్లీ జబ్బుచేస్తే డాక్టరుకు మొదట చూపించవలసిన కాగితం అదే.