ఒకే శ్రుతి, పలు భాషలు
పద్యనాటక సమాజాల నిత్యజీవితం, స్నేహబంధాలు

దక్షిణ అండమాన్ ద్వీపంలో, పోర్ట్ బ్లెయిర్ నగర శివార్లలో డాలీగంజ్ అనే పేట ఉన్నది. ఆ నగరానికి 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. విశాఖపట్నం రేవు నుంచి అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం, ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. ఈ సముద్రాన్ని దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు చేపల వేటకు, కూలిపనికి, ఉద్యోగాలకు, వ్యాపారానికి వెళ్ళి దీవులలో స్థిరపడినవి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళ భాషల తరువాత నాలుగవ స్థానం తెలుగుది.

ఈ దీవుల సమాజం ఒక్కనాడు ఏర్పడినది కాదు. 1858లో నెలకొల్పిన శిక్షా నివాసానికి దేశం నలుమూలలనుంచి ఖైదీలు వచ్చారు. 1921 మలబారు తిరుగుబాటులో పాల్గొన్నవారిని ఇక్కడికే పంపారు. అడవి పనులకు ఛోటా నాగపూర్ నుంచి కూలీలు వచ్చారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకుల కుటుంబాలు వచ్చినవి. వీరందరూ ఒకరితో ఒకరు మాటాడుకొనవలసి వచ్చినప్పుడు, ఎవరి యాసతో వారు పలికే హిందుస్థానీ దీవుల ఉమ్మడి భాష అయినది.

ఇటువంటి చోటికి వచ్చినవానికి మొదట పని దొరుకుతుంది, తరువాత ఇల్లు దొరుకుతుంది. స్నేహం దొరకడానికి మాత్రం ఏదో ఒక నెపం కావాలి. తెలుగు పల్లెలలో తరతరాలుగా ఆ నెపాన్ని సమకూర్చిన వాటిలో సంగీతంతో కూడిన నాటకం ఒకటి. అది మనుషులను ఎలా కలుపుతుంది? దానిని నమ్ముకొన్నవారి దినచర్య ఎటువంటిది? పుట్టిన ఊరు విడిచిన చోట అది నిలవాలంటే ఏమి కావాలి? ఈ ప్రశ్నలు డాలీగంజ్ వంటి పేటలకు ఎంత అవసరమో, ఆంధ్ర, తెలంగాణ గ్రామాలకూ నేడు అంతే అవసరం.

పొరుగువారు తెచ్చిన రాగాలు

తెలుగు పద్యనాటకం అచ్చంగా ఒక్క ఇంటి సొత్తు అనుకోవడం పొరపాటు. 1880 ప్రాంతాలలో ధార్వాడనుంచి వచ్చిన నాటక సమాజాలు ఆంధ్రదేశంలో ఊరూరా హిందీ నాటకాలు ప్రదర్శించినవి. రంగురంగుల తెరలు, హార్మోనియం, కొత్త వరుసలు ప్రజలను ఆకర్షించినవి. వారిని చూచి తెలుగువారు స్వయంగా సమాజాలు స్థాపించుకొన్నారు. తొలినాళ్ళలో ఆ సమాజాలు హిందీ నాటకాలే ఆడటం విశేషం. కృష్ణా జిల్లాకు చెందిన నాదెళ్ళ పురుషోత్తమ కవి బందరులోని నాటక సమాజం కోసం ముప్పైకి పైగా హిందీ నాటకాలు రచించారు. వాటిని ఆయన తెలుగు లిపిలో వ్రాశారు. నటులూ తెలుగువారే, ప్రేక్షకులూ తెలుగువారే, భాష మాత్రం హిందీ. భాషా సమైక్యత గురించి ఉపన్యాసాలు పుట్టక మునుపే బందరు వీధులలో అది రంగస్థలమెక్కినది.

'ఆంధ్ర నాటక పితామహు'డని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారి నివాసి. అక్కడ ఆయన స్థాపించిన సరస వినోదినీ సభ తెలుగు నాటకంలో పద్యాలకూ పాటలకూ సుస్థిరమైన స్థానం కల్పించినది. అదే ఊరిలో కోలాచలం శ్రీనివాసరావు నడిపిన సుమనోరమ సభ దానితో పోటీపడినది. ధర్మవరం వారి మేనల్లుడు, న్యాయవాది అయిన బళ్ళారి రాఘవ (1880–1946) తెలుగు, కన్నడ, హిందీ, ఆంగ్ల నాటకాలలోనూ నటించి మెప్పించారు. బళ్ళారి 1953లో నాటి మైసూరు రాష్ట్రంలో చేరినది. తెలుగు నాటక పితామహుని ఊరు నేడు కర్ణాటకలో ఉన్నది. అందువల్ల తెలుగు నాటకానికి నష్టమేమీ లేదు. దాని పుట్టుకే రెండు భాషల కూడలిలో జరిగినది.

హార్మోనియం కథ కూడా ఇటువంటిదే. ఐరోపాలో పుట్టిన ఈ వాద్యాన్ని నేలపై కూర్చుండి ఒక చేత్తో తిత్తి ఊది, మరొక చేత్తో వాయించుకొనే విధంగా మలచినవారిలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ ముఖ్యులు. గమకాలు సరిగా పలకవనే కారణంతో ఆకాశవాణి 1940లో దీనిని బహిష్కరించినది. 1971 వరకు ఆ నిషేధం కొనసాగినది. రేడియో బహిష్కరించిన ఆ ముప్పై ఏళ్ళూ పల్లెటూరి నాటకానికి అదే ప్రాణం. బెంగాల్‌లో తీర్చిన వాద్యంపై, మరాఠీ రంగస్థలం నుంచి వచ్చిన మట్టులో, సంస్కృత వృత్తాన్ని ఒక తెలుగు రైతు ఎత్తుకొనేవాడు. వింటున్నవారికి అందులో పరాయిదేదీ తోచేది కాదు.

కంఠస్థం కావడంలోని కీలకం

అక్షరాలు రానివారు సైతం నాటక పద్యాలను ధారాళంగా చదవడం తెలుగునాట సర్వసాధారణం. దీనికి కారణం పద్యం నిర్మాణంలోనే ఉన్నది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవైఒకటి. ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం ప్రాస. పాదం మధ్య నియమిత స్థానంలో యతి. ఒక మాట మరచిపోతే ప్రాస గుర్తుచేస్తుంది, యతి అందిస్తుంది. నడక తప్పితే చెవి వెంటనే పట్టుకొంటుంది. అందుకే కాగితంతో పనిలేకుండా తండ్రినుంచి కొడుకుకూ, గురువునుంచి శిష్యునికీ పద్యం చేరినది. గ్రామఫోను రికార్డులు, 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆ పద్యాలను మరింత దూరం వినిపించినవి.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్య హరిశ్చంద్రీయము, చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం ఈ విధంగా జనంలోకి వెళ్ళినవి. అప్పు వసూలుకు వెంటపడే మనిషిని నేటికీ 'నక్షత్రకుడు' అంటున్నారంటే హరిశ్చంద్ర నాటకం మాటతీరులో ఎంతగా కలిసిపోయినదో ఊహించవచ్చు.

ఉత్తరాంధ్ర ప్రజలకు దీనితోపాటు తూర్పు భాగవతం కూడా వారసత్వంగా లభించినది. మృదంగ ధ్వనులనడుమ సత్యభామ ఆటపాటలతో సాగే ఈ ప్రదర్శన విజయనగరం, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలది. శ్రీకృష్ణ పాత్రకు ప్రఖ్యాతుడైన పీసపాటి నరసింహమూర్తి కూడా ఆ నేలవారే. సముద్రం దాటి వెళ్ళిన కుటుంబాలు ఇటువంటి ఊళ్ళవి.

రిహార్సలు గది

పద్యనాటకాన్ని చూచేవారు ఒక్క రాత్రి చూస్తారు. ఆడేవారు దానికోసం కొన్ని నెలలు జీవిస్తారు. గ్రామ సమాజాలలోని నటులు వృత్తిరీత్యా రైతులు, బడిపంతుళ్ళు, చేనేతవారు, గుమాస్తాలు, వడ్రంగులు. పగలంతా ఎవరి పనిలో వారుంటారు. రాత్రి భోజనాలయ్యాక ఏ రామమందిరంలోనో, బడి వరండాలోనో చేరుతారు. హార్మోనిస్టు అందరికంటే ముందు వస్తాడు. ఎవరి గొంతుకు ఏ శ్రుతి సరిపోతుందో అతనికే తెలుసు. చాలా సమాజాలలో పాఠం చెప్పే గురువు కూడా అతడే.

ఆ గదిలో వయసు, కులం, హోదా కొంతసేపు వెనుకకు తగ్గుతాయి. పగలు ఆసామి పొలంలో పనిచేసినవాడు రాత్రి దుర్యోధనుడై సింహాసనంపై కూర్చుంటే, ఆసామి సంజయుడై చేతులు కట్టుకొని నిలబడవలసి రావచ్చు. పద్యం ఎవరికి బాగా వస్తే పాత్ర వారిది. ఈ న్యాయం ప్రతి ఊరిలోనూ నిష్పక్షపాతంగా అమలు జరిగినదని చెప్పలేము. తగాదాలు వచ్చేవి, అలకలు వచ్చేవి. మంచి పాత్ర దక్కలేదని సమాజం విడిచి వేరొక సమాజం పెట్టినవారూ ఉన్నారు. అయినా నాటకం దగ్గరపడగానే అలిగినవాని ఇంటికి నలుగురు పెద్దలు వెళ్ళేవారు. అర్జునుడు లేకుండా కురుక్షేత్రం జరగదు కదా!

ప్రదర్శన నాటికి పని రెట్టింపవుతుంది. కిరీటాలు, దుస్తులు, తెరలు అద్దెకు తేవాలి. ముఖానికి సఫేదా పూయాలి. చందాలు పోగుచేయాలి. శ్రీరామనవమి పందిట్లో ఆడితే ఊరంతా అతిథులే. వేషం వేయనివారు సైతం దీపాలు పట్టుకొని, తెర లాగి, నటులకు పాలు కాచి ఇచ్చి 'మా నాటకం' అని చెప్పుకొనేవారు.

ముగ్గురు కృష్ణులు

కురుక్షేత్ర నాటకంలో వింతైన సంప్రదాయం ఒకటి ఉన్నది. ఒకే రాత్రి, ఒకే నాటకంలో శ్రీకృష్ణుని పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొంటారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొకడు, యుద్ధరంగానికి ఇంకొకడు. కొత్తవారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. తెలిసిన ప్రేక్షకుడు మాత్రం దేవుడొకడే, గొంతులు మూడని సరిపెట్టుకొంటాడు. ఎవరు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకొన్నారో మరునాడు రచ్చబండ దగ్గర చర్చ సాగుతుంది. 'వన్స్ మోర్' కేకలు ఎవరికెక్కువ వచ్చినవో లెక్క తేలుతుంది. పోటీ తీవ్రమే. అయితే తెర వెనుక ఆ ముగ్గురూ ఒకే అద్దంలో ముఖం చూచుకొని, ఒకే కిరీటాన్ని మార్చుకొని పెట్టుకొనే సందర్భాలు సామాన్యం.

ఈ స్నేహమే కుటుంబంగా మారిన ఉదాహరణ సురభి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ప్రదర్శనతో వనారస గోవిందరావు ప్రభృతులు ప్రారంభించిన ఈ నాటక సంప్రదాయంలో తాతనుంచి పసిబిడ్డవరకు అందరూ నటులే. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో సురభి స్త్రీలు రంగస్థలమెక్కారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే. ఇక స్త్రీ పాత్రధారణలో పురుషుని ప్రతిభకు స్థానం నరసింహారావు (1902–1971) నిదర్శనం. ఆయన సత్యభామను చూచి స్త్రీలే ముచ్చటపడేవారని ప్రతీతి.

కాటిసీను చెప్పే నీతి

హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో నటులు గానం చేసే పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావు. అవి గుర్రం జాషువ (1895–1971) 'శ్మశానవాటి' పద్యాలు. అంటరానివాడని సమాజం అవమానించిన కవి, చావు ముందు అందరూ సమానులని చెప్పిన పద్యాలను నటులు తెచ్చి ఈ నాటకంలో చేర్చుకొన్నారు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ దానికి కారణం కాదు. ఆ ఘట్టానికి అంతకంటే తగిన పద్యాలు లేవని రంగస్థలం నిర్ణయించినది. జాషువను పంక్తిలో కూర్చుండనివ్వని ఊళ్ళు కూడా అర్ధరాత్రి వేళ ఆ పద్యాలు విని కన్నీరు పెట్టినవి. కళ మనసులను మెత్తబరుస్తుంది. మెత్తబడిన మనసుతో తెల్లవారి ఎలా నడుచుకోవాలన్నది మాత్రం మనిషి చేతిలోనే ఉన్నది. ఈ పరీక్షలో తెలుగు పల్లెలు పూర్తిగా నెగ్గలేదని ఒప్పుకొనడం నిజాయితీ.

ద్వీపంలో పద్యం

సముద్రం దాటిన తెలుగువానికి నాటకం కొత్త కాదు. బర్మాలో లక్షకు పైగా తెలుగువారున్న రోజులలో మన నాటక సమాజాలు రంగూను వెళ్ళి ఆడి వచ్చినవి. అండమాన్ కూడా అదే బంగాళాఖాతంలో ఉన్నది. పోర్ట్ బ్లెయిర్‌లో 1963లో ఆకాశవాణి కేంద్రం ఏర్పడినది. దీవుల పాఠశాలల్లో దశాబ్దాలపాటు తెలుగు మాధ్యమం నడచినది.

అయినా ద్వీపంలో నాటకం ఆడటం సులభమైన పని కాదు. పద్యం కంఠంలో ఉంటుంది కనుక ఓడలో దానికి బరువు లేదు. తెరలకు, దుస్తులకు, మృదంగానికి బరువున్నది. ఉద్యోగికి బదిలీ వస్తుంది, జాలరికి వేట వస్తుంది. పన్నెండుగురు నటులు నెలల తరబడి ఒకే గదిలో ప్రతి రాత్రీ కూడడం కష్టం. అన్నిటికంటే పెద్ద చిక్కు పిల్లలది. ఇంట తెలుగు, వీధిలో హిందీ, తరగతిలో ఆంగ్లం వినే బాలుడు పద్యం అర్థాన్ని ఎవరిని అడగాలి? ఈ చిక్కు ఇప్పుడు గుంటూరు, హైదరాబాదు పిల్లలకు కూడా ఉన్నది.

పరిష్కారం కూడా నాటక చరిత్రలోనే లభిస్తుంది. పెద్ద నాటకం ఆడలేనివారు ఒక్క సీను ఆడవచ్చు. రాయబారం సీనుకు అరడజను మంది చాలు, కాటిసీనుకు ముగ్గురు నలుగురు చాలు. తెలుగు లిపిలో హిందీ నాటకం వ్రాసుకొన్న తాతల మనుమలు, నాగరి లిపిలో తెలుగు పద్యం వ్రాసుకొని నేర్చుకొంటే తప్పు లేదు. అర్థాన్ని ఇంటి పెద్దలు హిందుస్థానీలో చెప్పవచ్చు. బెంగాలీ పొరుగువారికి జాత్రా ఉన్నది. తమిళ పొరుగువారికి తెరుక్కూత్తు ఉన్నది. ఆ ఇళ్ళలో హార్మోనియమో మద్దెలో పట్టగలవారు దొరికితే, వారు తెలుగు పద్యానికి తోడు కావడానికి భాష అడ్డు రాదు. శ్రుతికి లిపి లేదు.

నాటక ప్రతులు అనేక గ్రంథాలయాలలో అట్టలు ఊడి, ఎవరూ తాకక పడి ఉన్నవి. పాఠశాల, కళాశాల విద్యార్థులు వాటిలో ఒక్కదానిని తీసి, ఒక్క సీనును ఎంచుకొని, సాయంత్రం నలుగురు కూడి గొంతెత్తి చదివితే చాలు. మొదటిరోజు నవ్వులాటగా ఉంటుంది. పదవరోజు ఒకడు రాకపోతే మిగిలిన ముగ్గురూ వాని ఇంటికి వెళ్ళి తలుపు తడతారు. సమాజమనే మాటకు అర్థం అప్పుడు తెలుస్తుంది.