పనికి హద్దు – ఆరోగ్యమునకు రక్ష

శ్రమ మానవునకు భూషణము. చేతినిండ పనిగల కుటుంబమున అన్నవస్త్రములకు లోటుండదు. కాని శరీరము భరింపగల శ్రమకు ఒక మితి కలదు. ఆ మితిని దాటిన పని ఎంత జీతమును తెచ్చినను, కాలక్రమమున రోగమును గూడ వెంటబెట్టుకొని వచ్చును. ఈ విషయము కాయకష్టము చేయువారికెట్లో, కార్యాలయమున కుర్చీయందు కూర్చుండి పనిచేయువారికిని అట్లే వర్తించును.

కిమ్ ప్రాంతమున పనిదినము

గుజరాతు రాష్ట్రమున సూరత్తు నగరమునకు ఉత్తరముగ, ముంబయి–అహమ్మదాబాదు రైలుమార్గముపై కిమ్ పట్టణమున్నది. ఉద్యోగార్థము కొందరిచటినుండి దక్షిణముగ సూరత్తునకును, కొందరు ఉత్తరముగ అంకలేశ్వరునకును రైలులో పోయి వచ్చుచుందురు. కిమ్ చెంతనున్న పిపోదరా మొదలగు చోట్ల మరమగ్గముల కార్ఖానాలు వెలసినవి. సూరత్తు ప్రాంతమునకు తెలంగాణమునుండి వలసవచ్చి స్థిరపడిన నేతకుటుంబములు అనేకము. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుటకు తగినంతగ ఈ జనము పెరిగినది.

సాంచలమీద పన్నెండు గంటల షిఫ్టు ఈ ప్రాంతమున చిరకాలపు ఆచారము. కూలి మీటరు లెక్కన ముట్టును గనుక మగ్గము నిలిచిన కూలి నిలుచును. కావున మనిషి తనంతట తానే విశ్రాంతిని వదలుకొనును. చదువుకొన్న కుమారుడు కార్యాలయమున కంప్యూటరు ముందు కూర్చుండినపుడు తండ్రి పడిన శ్రమ తనకు తప్పినదని తలచును. కాని మీటరు స్థానమున టార్గెట్టు వచ్చినది. షిఫ్టు గంటకు బదులు సెల్‌ఫోను మ్రోగుచున్నది. తండ్రికి మగ్గమునుండి ఇంటికి వచ్చినతోడనే పని ముగిసెడిది. కుమారునికి ఇంటికి వచ్చిన పిమ్మటను మెసేజులు వచ్చుచునేయుండును.

ఉదయము 9 గంటలనుండి రాత్రి 9 గంటలవరకు కార్యాలయముననుండు ఉద్యోగి దినమును లెక్కింపుడు. పని 12 గంటలు, రాకపోకలు 2 గంటలు, స్నానభోజనాదులకును ఇంటిపనులకును 3 గంటలు. ఇక 7 గంటలు మిగులును. అందొక గంట ఫోనులో జవాబులకు పోయినచో నిద్రకు 6 గంటలే మిగులును. భార్యాబిడ్డలతో మాటాడుటకు ఈ లెక్కలో చోటే లేదు.

వారమునకు 55 గంటలు

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలసి 2021లో ఒక పరిశీలనను ప్రకటించినవి. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారితో పోల్చినచో, 55 గంటలు లేక అంతకు మించి పనిచేయువారికి పక్షవాతము కలుగు ప్రమాదము 35 శాతమును, గుండెకు రక్తప్రసారము తగ్గుటచే మరణించు ప్రమాదము 17 శాతమును అధికమని తేలినది. 2016వ సంవత్సరమున దీర్ఘకాలపు పనిగంటల మూలమున ప్రపంచమున సుమారు 7,45,000 మంది ఈ రెండు వ్యాధులచే మరణించిరని అంచనా.

55 గంటలన్నది దూరపు సంఖ్య కాదు. ఆరు దినముల వారమున దినమునకు 9 గంటల 10 నిమిషములు పనిచేసిన ఆ సంఖ్య చేరును. ఆ లెక్కకు పైనుదహరించిన ఉద్యోగి వారమునకు 72 గంటలు కార్యాలయముననే గడపుచున్నాడు.

ఈ హాని వెంటనే కానరాదు. నడివయస్సున ఏండ్ల తరబడి చేసిన అధికశ్రమ వృద్ధాప్యమున ప్రాణము తీయవచ్చును. యౌవనమున నాకేమియు కాలేదనుట నిదర్శనము కాజాలదు. జపానునందు అధికశ్రమ వలని మరణమునకు ‘కరోషి’ యను పేరే ఏర్పడినది. దాని నివారణకై ఆ దేశము 2014లో ప్రత్యేక శాసనము చేసినది.

హాని కలుగు విధము

ఎడతెగని ఒత్తిడిచే శరీరము నిరంతరము ఆపదయందున్నట్లు ప్రవర్తించును, రక్తపుపోటు పెరుగును. ఇది యొక మార్గము. రెండవది అలవాట్లది. నిద్రాసమయము తరుగును, నడక మానిపోవును, భోజనము వేళ తప్పును. మెలకువకై మాటిమాటికి చాయయు, మావాయు, సిగరెట్టును అలవడును. మావాయందలి పొగాకు నోటి క్యాన్సరునకు కారణము. సాయంకాలము త్రాగిన చాయలోని కెఫీను సగము తగ్గుటకు సుమారు 5 గంటలు పట్టును గనుక రాత్రి నిద్రయు చెడును.

నిద్రలేమి ప్రమాదము మరియొకటి కలదు. 17 గంటలు మెలకువగానున్న మనిషి చురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యమున్నవానితో సమానముగ తగ్గునని 2000వ సంవత్సరమున ప్రకటితమైన పరిశోధన తెలిపినది. వాహనము నడపుటకు మన దేశపు చట్టము అనుమతించు హద్దు 0.03 శాతమే. ఉదయము 5 గంటలకు లేచి, రాత్రి 10 గంటలకు కిమ్ చార్‌రస్తా యొద్ద జాతీయ రహదారిపై మోటారుసైకిలు నడపువాడు మద్యము ముట్టకున్నను ప్రమాదమున నున్నవాడే.

ముందుగ కనబడు గురుతులు

శెలవు దినమునందును తీరని అలసట, పడుకొన్నను నిద్రపట్టకుండుట, చిన్నమాటకు కోపము, పనియనిన విసుగు, తలనొప్పి, మెడనొప్పి, తప్పులు పెరుగుట – ఇవి తొలి గురుతులు. అదుపు చేయబడని దీర్ఘకాలపు ఉద్యోగ ఒత్తిడివలన కలుగు ఈ స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తిసంబంధమైన స్థితిగ వర్ణించినది. ఇది సోమరితనము కాదు. మనోబలము లేకపోవుటయు కాదు.

ఉద్యోగి చేయవలసినవి

1. ఒక నెల దినములు పనిగంటలను పుస్తకమున వ్రాసికొనవలెను. ఇంటియొద్ద ఫోనుపై చేసిన పనినిగూడ చేర్చవలెను. వ్రాసిననేగాని అసలు లెక్క తెలియదు.

2. రాత్రికి 7 గంటలకు తగ్గకుండ నిద్రింపవలెను. ఫోనును పడకగదికి వెలుపల నుంచుట మేలు.

3. గంటకొకసారి కుర్చీనుండి లేచి కొన్ని నిమిషములు నడువవలెను.

4. మధ్యాహ్నభోజనము బల్లయొద్ద పనిచేయుచు గాక, వేరుగ కూర్చుండి చేయవలెను.

5. కొత్తపని అప్పగింపబడినపుడు “కాదు” అనుట కష్టమైనచో, “చేతనున్న వానిలో దేనిని ముందు ముగింపవలెను, దేనిని వాయిదా వేయవలెను?” అని మేనేజరును అడుగవలెను. అట్లడుగుట అవిధేయత కాదు.

6. 30 ఏండ్లు దాటినవారు ఏటేట రక్తపుపోటును, మధుమేహమును పరీక్ష చేయించుకొనవలెను. రక్తపుపోటు తరచుగ 140/90 లేక అంతకు మించినచో వైద్యుని చూడవలెను.

యాజమాన్యము చేయవలసినవి

వ్యక్తి జాగ్రత్త ఒక్కటియే చాలదు. ఇద్దరి పని ఒకరికిచ్చి, పిమ్మట అతనికి యోగాభ్యాసము నేర్పించుట చికిత్స కాదు. టార్గెట్టులు పనిగంటలలో సాధ్యమగునట్లు నిర్ణయింపవలెను. రాత్రివేళ మెసేజు పంపు అలవాటును ముందుగ పై అధికారులే మానవలెను. పనివేళ ముగిసిన పిమ్మట జవాబీయకుండు హక్కును ఫ్రాన్సు 2017లోను, ఆస్ట్రేలియా 2024లోను చట్టముద్వారా గుర్తించినవి.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల హద్దును విధించియుండెను. 2025లో గుజరాతు ఫ్యాక్టరీలలో కార్మికుని వ్రాతపూర్వక సమ్మతిపై దినమునకు 12 గంటలవరకును, తెలంగాణ వాణిజ్య సంస్థలలో 10 గంటలవరకును అనుమతించిన ఉత్తరువులును వారపు 48 గంటల హద్దును తొలగింపలేదు. దినము సాగినను వారము సాగరాదని దీని భావము. అయితే మేనేజరు, సూపర్‌వైజరు హోదాలు పొందిన అనేకులకు ఈ రక్షణ వర్తింపదు. హోదాతోపాటు పనిగంటల హద్దు పోవుచున్నదేమో విచారించుకొనుట వివేకము.

ఆలస్యము చేయరాని వేళలు

రొమ్మున బిగపట్టినట్లు నొప్పి, చెమటలు, ఎడమచేయి లేక దవడకు ప్రాకు నొప్పి కలిగినను, ముఖము ఒకవైపు వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. మెదడు రక్తనాళమున గడ్డకట్టిన రక్తమును కరగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపున ఈయవలసియుండును. “ఈ పని ముగించి పోయెదను” అనుట ప్రాణాంతకము కావచ్చును.

దిగులు, నిరాశ, బ్రతుకుపై విరక్తి కలిగినచో 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ‘టెలి మానస్’ అను ఈ ప్రభుత్వసేవ ఉచితము, రాత్రింబవళ్లు లభించును, తెలుగునందును మాటాడవచ్చును.

ఒక ఉద్యోగి లేనిచో కార్యాలయము మరియొకరిని నియమించుకొనగలదు. ఇంటివారికట్టి వెసులుబాటు లేదు. కావున పనిని శ్రద్ధతో చేయుడు, వేళకు ముగింపుడు, విశ్రాంతిని ఔషధమువలె తప్పక సేవింపుడు.