ఖజానా ఖాళీ అంటే కాల్వ కట్టనక్కర లేదా?

వీధిలో మురుగు నిలిచి, దోమలు ముసిరి, ముక్కు మూసుకోనిదే నడవలేని స్థితి వచ్చినప్పుడు పౌరులు మునిసిపల్ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవడం మామూలే. 'నిధులు లేవు' అన్న జవాబు రావడమూ మామూలే. అయితే ఈ జవాబు చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1980 జూలై 29న తేల్చి చెప్పింది. ఆ తీర్పుకు దారితీసింది మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒకే ఒక వార్డు.

రత్లాం 12వ వార్డులో మురుగు పోయే దారి లేదు. ఆల్కహాల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంపు నీరు వీధిలోకి పారేది. పక్కనున్న మురికివాడ వారికి మరుగుదొడ్లు లేక రోడ్డు పక్కనే కూర్చోవలసి వచ్చేది. విసిగిపోయిన వార్డు ప్రజలు క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 133వ సెక్షన్ కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేటును ఆశ్రయించారు. ప్రజలకు బాధ కలిగించే వాటిని తొలగించమని ఆదేశించే అధికారం ఈ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది.

ఆరు నెలల్లో పథకం తయారు చేయాలని మేజిస్ట్రేటు మునిసిపాలిటీని ఆదేశించారు. సెషన్సు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయగా, హైకోర్టు తిరిగి నిలబెట్టింది. దానిపై మునిసిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

మునిసిపాలిటీ చేసిన వాదనలు

అక్కడి పరిస్థితి తెలిసే ఇళ్ళు కట్టుకున్నారు గనుక ఫిర్యాదు చేసే హక్కు వారికి లేదన్నది మునిసిపాలిటీ వాదనల్లో ఒకటి. పనులు చేయడానికి డబ్బు లేదన్నది మరొకటి.

జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఈ వాదనలను అంగీకరించలేదు. చిన్నప్పరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. ప్రజారోగ్యం కాపాడటానికే ఏర్పడిన సంస్థ డబ్బు లేదన్న సాకుతో ఆ బాధ్యత నుంచి తప్పుకోజాలదని కోర్టు స్పష్టం చేసింది. మరుగు లేని పేదవాడికి సిగ్గు కూడా విలాసమే అవుతుందని, మనిషి మర్యాద బేరానికి పెట్టే వస్తువు కాదని వ్యాఖ్యానించింది.

ఉపన్యాసంతో సరిపెట్టలేదు

ఫ్యాక్టరీ మురుగు వీధిలోకి రాకుండా వెంటనే ఆపాలని, ఆరు నెలల్లో స్త్రీ పురుషులకు వేర్వేరుగా మరుగుదొడ్లు కట్టి నీటి వసతి కల్పించాలని, ఉదయం సాయంత్రం శుభ్రం చేయించాలని కోర్టు ఆదేశించింది. కాల్వలు కట్టడమేగాక మురికి గుంటలు కూడా పూడ్చాలన్నది. దోమల నిర్మూలన బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వంపై పెట్టింది. ఆదేశాలు అమలు కాకపోతే బాధ్యులైన అధికారులపై ప్రాసిక్యూషన్ తప్పదని హెచ్చరించింది.

ఒక వార్డు వారి కేసు దేశంలోని పట్టణాలన్నిటికీ మార్గదర్శకమైంది. పాత కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. 133వ సెక్షన్‌లోని అధికారం అందులో 152వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. తెలుగు జిల్లాల్లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అంటే సాధారణంగా ఆర్.డి.ఓ.యే. కనుక వీధి మురుగు గురించి మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి అలసిన వారికి ఆర్.డి.ఓ. ఆఫీసు తలుపు కూడా ఉన్నదని రత్లాం ప్రజలు చూపించారు.