ఊగే బరువు చెప్పిన లెక్క

సియాటెల్‌లో ఉద్యోగం, వయసు నలభై దాటింది. కాలేజీలో ఉన్న మా అమ్మాయికి ఈ ఏడాది డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వచ్చాయి. ఫోన్‌లో ‘తిన్నావా, పడుకున్నావా’ తప్ప మా మధ్య మాటలు తగ్గిపోతున్నాయి. అందుకే నేనూ పుస్తకం పట్టాను. ఎంఐటీ ఉచితంగా అందిస్తున్న ఆర్థర్ మాటక్ పాఠాలు రాత్రిపూట చూస్తున్నాను. 2003లో చిత్రీకరించినవి. బోర్డు, సుద్దముక్క, అంతే.

స్ప్రింగుకు వేలాడే బరువును తీసుకోండి. దాని కదలికను నిర్ణయించేవి మూడు: ద్రవ్యరాశి, స్ప్రింగు బిగువు, వేగాన్ని అడ్డుకునే డంపింగ్. డంపింగ్ తక్కువైతే బరువు ఊగుతూ ఊగుతూ ఆగుతుంది. ఎక్కువైతే ఊగకుండానే మెల్లగా తన చోటికి చేరుతుంది. డంపింగ్ గుణకం వర్గం, మిగతా రెండింటి లబ్ధానికి సరిగ్గా 4 రెట్లైతే అదే ఆ రెంటికీ హద్దు.

మాకు దగ్గర్లోని టకోమా నారోస్ వంతెన 1940 నవంబరు 7న గాలికి మెలికలు తిరిగి కూలింది. చాలామంది దాన్ని రెజొనెన్స్ అంటారు. కానీ వంతెన మెలికే గాలి నుంచి శక్తి లాగింది. డంపింగ్ గుర్తు మైనస్ అయినట్టే! ఊపు తగ్గాల్సింది పోయి పెరిగింది.

ఈ సంగతి చెబితే అమ్మాయి గంటసేపు వాదించింది. మీ పిల్లలూ ఈ కోర్సులో ఉంటే, ఒక్క పాఠం వాళ్లతో కలిసి చూడండి.