వార్తల్లో పదం: జ్ఞానవిశ్వాసము

జ్ఞానము నిశ్చలమా, పరిణామశీలమా, గురుముఖమున లభించునదా, స్వానుభవమున రూపొందునదా యను విషయమున మనుష్యునకు లోలోపల గల అభిప్రాయమే జ్ఞానవిశ్వాసము. నెల్లూరు జిల్లా వెంకటాచలము వైపు రైతొకడు నడుము పట్టుకొని "నరం పట్టేసిం"దనినపుడు, ఫిజియోథెరపిస్టు పాఠ్యగ్రంథమునే ప్రమాణముగా గొనునా, నూతన పరిశోధనలను, ఆ రైతు మాటను గూడ సాక్ష్యముగా గణించునా యనునది చాలవరకు దీనిపైననే ఆధారపడును.

1970లో విలియం పెర్రీ హార్వర్డు విద్యార్థుల ఆలోచనాసరళిని గూర్చి గ్రంథము వెలువరింపగా, 1990లో మార్లీన్ షోమర్ ఈ విశ్వాసములను కొలుచు 63 వాక్యముల ప్రశ్నావళిని ప్రకటించెను. ఒక్కొక్క వాక్యముతో ఎంతవరకు ఏకీభవింతురో అంకెలలో చెప్పించుట దాని పద్ధతి. అమెరికాలో పుట్టిన ఆ కొలబద్దలోని వాక్యములు హాంకాంగు విద్యార్థుల యెడ అచట వలె విభాగములుగా విడివడలేదు.

ఇట్టి కొలబద్దను తెలుగులోనికి తెచ్చుటలో చిక్కంతయు భాషలోను, మర్యాదలోను ఉన్నది. ఆంగ్లపు 'నాలెడ్జి'ని మనము విద్య యందుమా, ఎరుక యందుమా? జ్ఞానమన్నచో వేదాంతము స్ఫురించును. నిపుణుని మాటను ప్రశ్నింపననుట ఒకచోట విచారలోపముగా లెక్కకు వచ్చును; మనకది పెద్దరికమునకిచ్చు గౌరవము. అందుచేతనే అనువదించి, వేరొకరిచే మూలభాషలోనికి మరల్చి, ఆపై చదువరులను కూర్చుండబెట్టి వాక్యవాక్యమునకు అర్థమడుగుదురు. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రము వెంకటాచలముననే యున్నది; అచటి పండితులును ఫిజియోథెరపిస్టులును కలిసి కూర్చుండి 'నాలెడ్జి'కి తగిన ఆ ఒక్క పదమును తేల్చవలెనని నా గాఢమైన కోరిక.